అత్త పాదంలో మొలిచినది

నేను కాపరానికి వచ్చిన రోజున అత్త కాళ్ళకు మొక్కటానికి వంగితే, ఆమె ఎడమ పాదం ఒక్కటే ముందుకు పెట్టింది. కుడి పాదాన్ని కుచ్చిళ్ళ కిందికి లాక్కుంది. పదహారేళ్ళదాన్ని, కొత్త ఇంటి బెదురులో ఉన్నాను. ఆ ఒక్క పాదానికే పసుపు నీళ్ళు పోసి, మొక్కి లేచాను. రెండో పాదం సంగతి అడగాలని నాకు తోచలేదు.

మా మెట్టినూరు కోవిల్‌పట్టికి ఎద్దులబండి మీద రెండు గంటల దూరం. చుట్టూ కరిసల్ నేల, అంటే నల్లరేగడి. వానపడితే దిగిన కాలును వదలదు, ఎండితే చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. పత్తి, సజ్జ, జొన్న పండేవి. గట్ల మీద నల్లతుమ్మ చెట్లు. నేను పుట్టింది విరుదునగర్‌లో. మా నాయన అక్కడ మిరపకాయల మండీలో పనిచేసేవాడు. ఊరికి ఆ పేరు పెట్టి అప్పటికి ఎన్నో ఏళ్ళు కాలేదు, మా అవ్వ చివరిదాకా విరుదుపట్టి అనే అనింది. మాకు ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. బడిలో అయిదో తరగతి దాకా నేర్చుకున్నవీ అరవ అక్షరాలే. తెలుగు రాయటం నాకు యాభై దాటాక వచ్చింది. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. ఇది పంతొమ్మిదివందల ముప్పైల మొదట్లో జరిగిన సంగతి.

వచ్చిన మూడోవారంలో ఒక పొద్దున అత్త నన్ను పెరట్లోకి పిలిచింది. తలుపు దగ్గరికి వేయమంది. రుబ్బురోలు పక్కన పీట మీద కూర్చుని చీర మోకాలి దాకా పైకి తీసింది.

“అమ్మీ, చూసి బెదరబోకు. ఈ ఇంట్లో ఉండేదానివి, నీకు తెలియాల” అంది.

ఆ పాదానికి పాదం పోలిక లేదు. పైభాగం గుమ్మడికాయలా ఉబ్బింది. అరికాలు బయటికి పొంగటంతో వేళ్ళు నేలకు ఆనకుండా పైకి లేచి ఉన్నాయి. పాదమంతా బుడిపెలు, ఒక్కో బుడిపెకు ఒక్కో కన్నం. కన్నాల్లోంచి నూనెలాంటి రసి కారుతోంది. ఆ రసిలో నల్లటి గింజలు ఉన్నాయి, ఆవగింజలో సగం ఉంటాయేమో. మా వైపు దీన్ని పుట్టకాలు అంటారు. చీమలపుట్ట ఎట్లా మట్టి బయటికి పోస్తుందో ఆ కాలు అట్లా గింజలు బయటికి పోస్తుంది కాబట్టి.

“నొప్పిగా ఉందా అత్తా?” అని అడిగాను.

“నొప్పి లేదు. అదే దీని మాయ. నొప్పే ఉండింటే ఎప్పుడో ఏదో ఒకటి చేసి ఉందును.”

ఆ రోజు నుంచి వేపాకు కాచిన నీళ్ళతో ఆ పాదం కడగటం నా పని అయింది. మొదటి నాలుగు రోజులూ ఊపిరి బిగపట్టి కడిగాను. తరవాత అలవాటయింది. మట్టిమూకుడు అడుగున నల్ల గింజలు చేరేవి. వాటిని పెరటి మూల గుంట తీసి పూడ్చేదాన్ని. గుంటలో పోస్తూ ఒక్కోసారి, ఇవి నిజంగా గింజలే అయితే మొలుస్తాయేమోనని చూసేదాన్ని. ఏమీ మొలవలేదు.

అత్త పడుకునే మనిషి కాదు. ఆ కాలుతోనే పత్తి చేనికి పోయేది. కూలివాళ్ళ ముందు సాలు పట్టి నడిచేది. కర్ర ఒకటి చేతిలో ఉంటుంది గాని దానిమీద బరువు వేయటం నేను చూడలేదు. మామ నెమ్మదైనవాడు, ఇంటిపెత్తనం అంతా ఆమెదే. అంత మనిషి ఊళ్ళో పెళ్ళి జరిగితే మాత్రం అందరూ తిని లేచాక వెళ్ళేది. ఆమె కూర్చున్న చాప మీద ఆడవాళ్ళు కూర్చునేవాళ్ళు కాదు. ఎవరూ పైకి ఏమీ అనరు. కొంచెం జరిగి కూర్చుంటారు, అంతే.

పాదం కడిగేటప్పుడు రోజుకొక ముక్కగా ఆమె నాకు చెప్పింది. పదేళ్ళ కిందట కొత్త పశువుల కొట్టం కట్టేటప్పుడు ఆ చోట ఒక పాముపుట్ట ఉండింది. మామ వద్దన్నాడు. ఆమే గడ్డపార వేయించి తవ్వించింది. ఆ ఏడే అరికాలిలో చింతగింజంత గడ్డ లేచింది. మరుసటేడు ఆరేళ్ళ కూతురు జ్వరంతో పోయింది. ఆ పుట్ట, ఈ కాలు, ఆ బిడ్డ, మూడూ ఒకటే తాడుకు ముడిపడిపోయాయి ఆమె మనసులో. అప్పటినుంచి ప్రతి శుక్రవారం ఊరవతల ఇంకో పుట్టకు పాలు పోసి వచ్చేది.

“నాకు పడిన శిక్ష నా కాలితో పోయింటే బాగుండు” అంది ఒకరోజు. నేను పాదం తుడిచి, చీర కిందికి దించాను.

మా చుట్టుపక్కల ఏ పల్లెలో చూసినా ఇట్లాంటి కాలు ఒకటో రెండో ఉండేవి. అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. మాట్లాడితే తమ ఇంటికి వస్తుందని భయం.

నేను వచ్చిన రెండో ఏడు, పత్తి ఏరటం అయిపోయి కళ్ళాలు ఖాళీగా ఉన్న రోజుల్లో ఊళ్ళో దండోరా వేశారు. ఆరోగ్యం డాక్టరు వస్తున్నాడు, పుట్టకాలు ఉన్నవాళ్ళు కళ్ళంలోకి రావాలి అని. అంతకుముందు కలరా సూది వేయటానికి డాక్టర్లు వస్తే సగం ఊరు జొన్నచేలల్లో దాక్కునేది. ఈసారి ఎవరూ దాక్కోలేదు గాని ఎవరూ పోనూలేదు. కళ్ళంలో వేపచెట్టు నీడను వదిలి, కావాలని ఎండలో బల్ల వేసుకుని ఒక నడివయసు మనిషి కూర్చుని ఉన్నాడని, బల్ల మీద ఇత్తడి గొట్టం ఒకటి నిలబెట్టి ఉందని మా ఆయన వచ్చి చెప్పాడు.

“పోయి చూద్దామా అత్తా?” అన్నాను.

“నేను రాను. నా కాలు తీసుకుపోయి పదిమందిలో పెట్టను. నీకు పోవాలనుంటే పో. ఇవి తీసుకుపో” అని, ఆ పొద్దున కడిగిన మూకుట్లోంచి నాలుగు గింజలు పత్తి ఆకులో పెట్టి ఇచ్చింది. “ఎవరివని అడిగితే చెప్పబోకు.”

డాక్టరు అరవాయన. ఆకు విప్పి చూశాక నా ముఖంలోకి చూశాడు. ఎవరివని అడగలేదు. అడగకపోవటమే నన్ను అక్కడ నిలబెట్టింది. ఆయన ఒక గింజను గాజుపలక మీద పెట్టి, ఏదో మందునీళ్ళ చుక్క వేసి, ఇంకో సన్నటి గాజుతో మెల్లగా నొక్కాడు. గొట్టం కింద ఉన్న చిన్న అద్దాన్ని ఎండకేసి తిప్పాడు. ఆ గొట్టం మైక్రోస్కోపు అని, సర్కారు పత్తి తోటలో పత్తిమొక్కల తెగుళ్ళు చూడటానికి వాడేదాన్ని అడిగి తెచ్చానని చెప్పాడు.

“ఒక కన్ను మూసి, ఇంకో కంటితో చూడమ్మా. తొందరపడొద్దు. కంటికి కొంచెం సేపు పడుతుంది” అన్నాడు.

మొదట నా కనురెప్ప వెంట్రుకలే కనిపించాయి. తరవాత తెల్లటి వెలుగు. ఆ వెలుగులోకి, ఎవరో లోపలినుంచి నెట్టినట్టు, ఒక అడవి వచ్చింది.

ఇంకో మాట నాకు ఇప్పటికీ దొరకలేదు. తేనెరంగు దారాలు, ఒకదానిలోంచి ఒకటి కొమ్మలు వేసుకుంటూ, కొమ్మలకు మళ్ళీ కొమ్మలు వేసుకుంటూ పోతున్నాయి. ఒక్కో దారానికి వెదురుకు ఉన్నట్టు కణుపులు. అంచుల దగ్గర కొసలు ఉబ్బి, చిన్న చిన్న కుండలు వేలాడదీసినట్టు ఉన్నాయి. నడుమ చిక్కగా, నల్లగా, చూపు దూరనంత దట్టంగా ఉంది. వానకు ముందు చేను దున్నితే గరికవేళ్ళు ఎట్లా అల్లుకుని పైకి వస్తాయో అట్లా ఉంది. ఎంతసేపు చూశానో తెలియదు. నా మెడ పట్టేసింది. నిన్నటిదాకా మూకుడు అడుగున చూసి పూడ్చేసిన గింజ ఇది. దానిలో ఇంత పని జరిగి ఉంది. ఎవరు చేశారు ఇంత పని? మా అత్త మాంసంలో, మాకు ఎవరికీ తెలియకుండా, చప్పుడు లేకుండా, పదేళ్ళు. నాకు రోత పుట్టలేదు. ఒళ్ళు జలదరించింది, కాని అది రోత కాదు. పెద్ద కొండ ముందు నిలబడితే నోరు పడిపోతుందే, అట్లాంటిది.

ఏమిటిదని నేను ఇంకా అడగలేదు. ఆయనే చెప్పాడు.

“బూజు. ఊరగాయ మీద పడుతుందే, దాని వంశమే. ఇది మీ మట్టిలో బతుకుతుంది. ముళ్ళ మీద ఉంటుంది. వట్టికాళ్ళతో నడిచేవాళ్ళకు ముల్లు గుచ్చుకున్నప్పుడు దానితోబాటు లోపలికి పోతుంది. అక్కడ మెల్లగా పెరుగుతుంది. ఏళ్ళు పడుతుంది. పాము కాదు, పుట్ట కాదు, ఎవరి పాపమూ కాదు. పక్కన కూర్చుంటే అంటుకోదు. తాకితే అంటుకోదు.”

నేను పరుగెత్తాను. పెళ్ళయిన ఆడది వీధిలో పరుగెత్తటం ఆ ఊరు ఎరగదు. ఇంట్లోకి పోయి, వగరుస్తూనే, చూసింది చూసినట్టు అత్తకు చెప్పాను. ఆమె నన్ను ఒకే ఒక్క మాట అడిగింది.

“పుట్ట కాదని ఆయన నోటితో చెప్పినాడా?”

“చెప్పినాడు అత్తా. ముల్లు అని చెప్పినాడు.”

అత్త లేచింది. చీర మడమలకు పైకి ఎత్తి దోపుకుంది. పదేళ్ళలో మొదటిసారి ఆ పాదాన్ని దాచకుండా వీధి మధ్యన నడిచింది. అరుగుల మీద ఉన్నవాళ్ళు మాటలు ఆపేశారు. నేను వెనక నడిచాను. మా వెనక జనం ఒక్కొక్కరే అరుగులు దిగి వచ్చారు. కళ్ళంలోకి పోయి ఆమె నేరుగా బల్ల ముందు కూర్చుంది.

ఆమె చూసినంత సేపు కళ్ళంలో ఎవరూ కదల్లేదు. ఎండ జరిగిపోతే డాక్టరు రెండుసార్లు అద్దం తిప్పాల్సి వచ్చింది. చివరికి ఆమె కన్ను తీసి, అరవంలో కాదు, తెలుగులో, తనలో తాను అనుకున్నట్టు అంది.

“పైరు మాదిరి ఉండాది. ఎంత ఒద్దికగా పెరిగినాది.”

తరవాత ఆయన వైపు తిరిగి అరవంలో చెప్పింది. కొట్టం కట్టించటానికి ముందు వానాకాలంలో, పత్తి చేనిగట్టు మీద తుమ్మముల్లు అరికాలిలో విరిగిందని, ఇంకో ముల్లుతోనే దాన్ని తీసేసిందని, కొస లోపలే ఉండిపోయిందేమోనని. ఆ మాట ఆమెకు అప్పుడే జ్ఞాపకం వచ్చింది. పదేళ్ళు పుట్టనే తలుచుకుంటూ ఉండటంవల్ల ఆ ముల్లు ఆమె మనసులోంచి జారిపోయింది.

“అయితే నా బిడ్డ?” అంది.

“బిడ్డ జ్వరం వేరు, ఇది వేరు తాయీ. రెండింటికీ సంబంధం లేదు” అన్నాడు డాక్టరు.

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. ఆమె ఏడవటం నేను చూసింది ఆ ఒక్కసారే. అంతమంది ముందు, ఎండలో, డాక్టరు తన గాజుపలకలు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

తరవాత ఆయన కాలు నొక్కి చూసి ఉన్నమాట చెప్పాడు. దీనికి మందు లేదు. చిన్న గడ్డగా ఉన్నప్పుడైతే గడ్డవరకు కోసి తీసేయవచ్చు. ఇప్పుడు ఎముకల్లోకి పోయింది. మోకాలి కింద తీసేస్తే మనిషి మిగులుతుంది. మదురలో పెద్దాసుపత్రి ఉంది, చీటీ రాసి ఇస్తాను.

ఇంట్లో మామ ఒప్పుకోలేదు. “కాలు లేని ఆడదాన్ని ఇంట్లో పెట్టుకుని నేను ఊళ్ళో ఎట్ల తిరగాల?” అన్నాడు. మా ఆయన తల వంచుకున్నాడు. అత్త జొన్నలు చెరుగుతూ, చేట ఆపకుండానే బదులిచ్చింది.

“మన ఎర్ర ఎద్దుకు కొమ్ము కుళ్ళితే రంపం తెచ్చి కోయించింది నువ్వే గదా. అది ఆరేళ్ళు దున్నింది తరవాత. నన్ను ఎద్దుపాటి చెయ్యవా?”

మరుసటి వారం మామే బండి కట్టాడు.

కోవిల్‌పట్టిలో రైలెక్కాము. అత్త రైలెక్కటం అదే మొదలు. కిటికీ పక్కన కూర్చుని, ఎదురుగా పరుగెత్తే కరిసల్ నేలను చూస్తూ, “ఇంత మట్టిలోనూ అది ఉండాదా?” అని అడిగింది. ఉందన్నాడు గదా డాక్టరు అన్నాను. “ఇంత మట్టి, ఇంతమంది నడుస్తా ఉండారు. అందరికీ రాలేదు గదా” అంది. విరుదునగర్ స్టేషనులో మా అమ్మ పులిహోర మూటతో వచ్చి కిటికీలోంచి అందించింది. అత్త పాదం వైపు చూసి చూపు తిప్పుకుంది. అత్త గమనించి, “చూడు వదినా, ఏమీ కాదు. బూజంట” అంది, ఊరగాయ జాడీ సంగతి చెప్పినట్టు.

ఆసుపత్రిలో కోత రోజున నన్ను వరండాలో కూర్చోబెట్టారు. మత్తుమందు వాసన తలుపు కిందనుంచి వచ్చింది. మామ గోడకు ఆనుకుని, చేతిలో ఆమె కాలిమెట్టె పట్టుకుని కూర్చున్నాడు. కుడికాలి మెట్టె, పాదం ఉబ్బినప్పుడు ఎప్పుడో కోయించి తీసింది. దాన్ని ఇంటినుంచి తెచ్చుకున్నాడని నాకు అప్పుడే తెలిసింది.

అత్త బతికింది. పదిహేను రోజులకు గాయం మానటం మొదలైంది. అప్పుడు ఆమె కోత చేసిన పెద్ద డాక్టరును ఒక కోరిక అడిగింది.

“నా పాదం యాడ పెట్టినారు? చూడాల నేను.”

ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. ఇద్దరు మనుషుల చేత ఆమెను కుర్చీలో మోయించి ఒక గదిలోకి తీసుకుపోయాడు. నేనూ వెంట పోయాను. అలమర నిండా గాజుజాడీలు. ఒక పెద్ద జాడీలో మందునీళ్ళలో అత్త పాదం ఉంది. దాన్ని మడమనుంచి వేళ్ళదాకా నిలువునా రెండుగా చీల్చి పెట్టారు, చదువుకునే డాక్టర్లకు చూపటానికి. లోపల ఎముకలు చెదలు తిన్న దూలంలా ఉన్నాయి. తిన్న చోటల్లా గుహలు, గుహల్లో నల్లగింజలు గుత్తులు గుత్తులుగా ఒదిగి ఉన్నాయి. ఒక గుహనుంచి ఇంకో గుహకు సొరంగాలు. నేను రెండేళ్ళు కడిగింది దాని గుమ్మాలను మాత్రమే. లోపల అంత పెద్ద కాపురం ఉందని నాకు తెలియదు.

అత్త ఆ జాడీని చాలాసేపు చూసింది. చెయ్యి చాపి గాజును ముట్టుకుంది. తరవాత రెండు చేతులూ ఎత్తి ఆ పాదానికి దండం పెట్టింది.

“ఇంత తిన్నాక కూడా నన్ను మోసినావు తల్లీ” అంది.

పెద్ద డాక్టరు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. అత్త తెలుగులో చెప్పిన మాట ఆయనకు తెలిసి ఉండదు. కాని ఆయన కూడా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఊరికి తిరిగి వచ్చాక నాగళ్ళు చేసే వడ్రంగి ఆమెకు కొయ్యకాలు చెక్కాడు. మోకాలు దూరటానికి పైన తోలుతో గిన్నెలాంటిది కావాలి. ఊళ్ళో చెప్పులూ, బావినీళ్ళు తోడే తోలుబానలూ కుట్టే మనిషిని పిలిపించారు. ఆయన కూడా మాలాగే తెలుగు మాట్లాడే మనిషే. కాని మా వీధిలోకి వచ్చేటప్పుడు ఆయనా, ఆయన ఇంటివాళ్ళూ కాళ్ళకు ఏమీ తొడుక్కోకూడదు. వాకిలి దాటి లోపలికి రాకూడదు. ఆ కట్టుబాటు మా వాళ్ళు పెట్టిందే. నేను కూడా అంతవరకు దాన్ని గురించి ఆలోచించలేదు. ఎండా వానలాగే అదీ ఉంది అనుకునేదాన్ని.

ఆయన వాకిట్లో నిలబడి, “కొలత తాటాకు మీద గీసి పంపండి తాయీ” అన్నాడు.

“తాటాకుకా, నాకా నువ్వు కుట్టేది? లోపలికి రా” అంది అత్త.

ఆయన అరుగు కింద మోకాళ్ళ మీద కూర్చుని, ఆమె మొండి మోకాలి చుట్టూ తోలు వార చుట్టి కొలత తీసుకున్నాడు. మామ లోపలికి వెళ్ళిపోయాడు. ఆయన లేచేటప్పుడు అత్త చూపు ఆయన ఎడమ పాదం మీద పడింది. బొటనవేలి కింద గోలీకాయంత గడ్డ.

“అది ఎన్నాళ్ళుగా ఉండాది?”

“రెండేళ్ళు తాయీ. నొప్పి లేదు.”

“నొప్పి లేకపోవటమే దాని గుర్తు. నా మాదిరి కూర్చోబోకు. ఆ కళ్ళం డాక్టరు కోవిల్‌పట్టిలో ఉండాడు, రేపే పో. గడ్డ ఒకటే తీసేస్తాడు. పాదం మిగులుతుంది.” కొంచెం ఆగి అడిగింది. “ఊరందరికీ చెప్పులు కుడతావు. నీ చెప్పులు యాడ?”

ఆయన తోలు వార చుట్ట చుట్టి చంకన పెట్టుకున్నాడు. నేను తలుపు చాటున నిలబడి ఉన్నాను. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది ఆయన కాదని నాకు తెలిసింది. అత్తకు కూడా ఆ క్షణమే తెలిసి ఉంటుంది, ఆమె ముఖం మారిపోయింది.

ఆయన కోవిల్‌పట్టికి పోయాడు. గడ్డ తీసేశారు. నెల తిరగకుండా పాదం మానింది. ఆ నెలలోనే అత్త తన చేనికి వచ్చే కూలివాళ్ళందరికీ, ఏ వీధివాళ్ళయినా సరే, చెప్పులు కుట్టించింది. చెప్పుల్లేకుండా చేలోకి దిగనివ్వనంది.

ఊరిపెద్దలు నలుగురు మా అరుగు మీదికి వచ్చారు. “చేలో ఏమైనా చేసుకో. వాళ్ళు అవి తొడుక్కుని మన వీధిలోకి వస్తే?” అని అడిగారు.

అత్త కొయ్యకాలు ముందుకు చాపి కూర్చుంది. “ముల్లు అడిగి గుచ్చుకుంటుందా అన్నా, నువ్వు ఏ వీధి వాడివని? నా కాలిని తినింది, వాళ్ళ కాలినీ తింటుంది. నేను భూతద్దంలో చూసినాను. దానికి మనం ఎవరమో తెలియదు” అంది.

వాళ్ళు తగ్గలేదు, ఆమె పూర్తిగా గెలవనూ లేదు. చేలల్లో, దారుల్లో చెప్పులు వచ్చాయి. మా వీధి మొదట్లో మాత్రం వాటిని విప్పి చేతిలో పట్టుకునే నడిచారు ఇంకా చాలా ఏళ్ళు. అత్త బతికి ఉండగా అది పోలేదు. ఆ సంగతి దాచి రాయటం నాకు ఇష్టం లేదు.

తరవాత నాలుగైదేళ్ళు ఆమె సంతలకు తిరిగింది. కోవిల్‌పట్టి సంతలో ఒకసారి, విరుదునగర్ సంతలో ఒకసారి, పని తక్కువగా ఉండే నెలల్లో. కళ్ళం డాక్టరు ఒక చిన్న సీసాలో నల్లగింజలు పోసి, బిరడా మీద లక్క వేసి ఇచ్చాడు. బండి ఆపుకుని, నొగల మీద కూర్చుని, కొయ్యకాలు వేలాడేసి సీసా చేత పట్టుకుంటే చాలు, జనం వచ్చేవాళ్ళు. ఆమెకు ఉపన్యాసం రాదు. తనకు ఏం జరిగిందో మొదటినుంచి చివరిదాకా చెప్పేది. పుట్ట సంగతి, బిడ్డ సంగతి కూడా. అది చెప్పేటప్పుడు ఆడవాళ్ళు దగ్గరికి జరిగేవాళ్ళు. చెప్పటం అయ్యాక ఎవరో ఒకరు మెల్లగా కాలు ముందుకు పెట్టేవాళ్ళు. తరవాత ఇంకొకరు. బండి చుట్టూ పాదాలు. బీటలు తీసినవి, రేగడి ఎండిపోయినవి, పత్తిగింజల మిల్లులో నూనెపట్టినవి, మగ్గం గుంటలో ఏళ్ళ తరబడి ఉండి పాలిపోయినవి. మనుషులు ముఖాలతో బతుకుతారనుకుంటాము గాని వాళ్ళను ఇంతదూరం మోసుకొచ్చింది ఇవే. గడ్డ ఉందేమోనని ఒక్కొక్కటీ నేను వేలితో నొక్కి చూసేదాన్ని. ఎన్ని చూసినా ఆ పని నాకు పాతబడలేదు.

చివరిసారి విరుదునగర్ సంతకు పోయినప్పుడు నరికుడి అనే ఊరి వైపునుంచి ఒక ఆడమనిషి వచ్చింది. అత్త వయసే. కాలు మా అత్త కాలికంటే ముదిరిపోయింది, మోకాలి దాకా పాకింది. ఆమె కథంతా విని, సీసా చేతిలోకి తీసుకుని ఎండకు పట్టి చూసి, తిరిగి ఇచ్చేసింది.

“నువ్వు చెప్పింది నిజమే అక్కా. కాని నేను కోయించుకోను. రెండు కాళ్ళతో నిండుగానే పోతాను” అంది.

ఆమెకు ఎట్లాగైనా నచ్చజెప్పాలని నేను నోరు తెరిచాను. అత్త నా చెయ్యి పట్టుకుని ఆపింది. బండి దిగి, కొయ్యకాలు పక్కకు పెట్టి, ఆమె పక్కన నేల మీద కూర్చుంది. మేము తెచ్చుకున్న సద్ది విప్పి ఇద్దరూ ఒకే ఆకులో తిన్నారు. సంత విడిపోయేదాకా అట్లాగే కూర్చుని మాట్లాడుకున్నారు, ఆ ఏటి వానల సంగతి, కోడళ్ళ సంగతి. ఒకసారి ఇద్దరూ నవ్వారు కూడా. పొద్దు వాలుతుంటే ఆమె కర్ర ఊతంగా లేచి, వచ్చిన దారినే వెళ్ళింది. అత్త కనిపించినంత దూరం చూసింది.

“మనం ఇంకొంచెం చెప్పి ఉండాల్సింది అత్తా” అన్నాను బండిలో.

“ఆమెకు తెలిసింది అమ్మీ. తెలిసి పోతా ఉండాది. నేను పదేళ్ళు తెలియక మోసినాను” అంది.

ఆమె ఏమయిందో మాకు తెలియలేదు.